తడిసిన ఖాతా, తడవని ఖాతా

2009 అక్టోబరు మొదటి వారం. కర్నూలు వన్‌టౌన్‌లో మా నాయన కిరాణా అంగడి షట్టర్ ఎత్తడానికి నలుగురం కావలసి వచ్చింది. గాడిలో బురద గట్టిపడింది. కింద మోకాటి దాకా ఒండ్రు. గడపార పెట్టి లేపితే గానీ కదల్లేదు. షట్టర్ లేచాక అందరం గల్లాపెట్టె వైపు చూశాం. నాయన మాత్రం ఎడమ వైపు గూట్లోకి చెయ్యి పెట్టాడు. ఖాతా పుస్తకం ఉండేది అక్కడే.

ఎర్ర అట్ట వేసిన పొడుగు పుస్తకం అది. ఉద్దర పద్దులన్నీ అందులోనే. ఇటుక ముక్కలా ఉబ్బిపోయి చేతికొచ్చింది. నాయనకు బాల్‌పెన్ అంటే పడదు, ఎప్పుడూ సిరా పెన్నుతోనే రాసేవాడు. గోరుతో మెల్లగా ఒక పేజీ విడదీశాడు. నీలం మరక తప్ప ఒక్క అంకె లేదు. ఇంకో పేజీ తీశాడు, అదీ అంతే. పుస్తకం ఎండలో పెట్టమని అమ్మ చెప్పింది. పెట్టాం కూడా. మూడు రోజులు ఎండింది, గట్టిపడింది, అంతకు మించి ఏమీ కాలేదు.

అంగడి లోపల చూసినవి ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి. చక్కెర బస్తా నిలబడే ఉంది, లోపల చక్కెర లేదు. ఉప్పూ అంతే. బెల్లం దిమ్మెలు ఉన్నచోట నల్లటి జిగురు. మినుములు నాని మొలకెత్తి, గోనెసంచి కుట్ల సందుల్లోంచి తెల్లగా బయటికి పొడుచుకొచ్చాయి. చచ్చిన అంగట్లో బతికున్నవి ఆ మొలకలే. బియ్యం పులిసిన వాసన మాత్రం సంక్రాంతి దాకా గోడల్ని వదల్లేదు.

ఆ ఏడాది సంగతి కర్నూలు వాళ్ళకు చెప్పక్కర్లేదు. బయటి వాళ్ళ కోసం కాస్త చెప్తాను. ఆ వానాకాలం దేశమంతా వర్షం 22 శాతం తక్కువ పడింది. 1972 తర్వాత అంత కరువు లేదన్నారు. సెప్టెంబరు దాకా మేమూ ఆకాశం వైపు చూస్తూనే ఉన్నాం. నెలాఖరుకు కర్ణాటకలో కుండపోత మొదలైంది. గాంధీ జయంతి నాటికి తుంగభద్ర ఊరి మీదికి వచ్చేసింది. కర్నూలు కూర్చున్నదే తుంగభద్ర, హంద్రీ కలిసే చోట. పెద్ద నది పొంగి నిండుగా నిలబడినప్పుడు చిన్న నదికి పోయే దారి ఉండదు. హంద్రీ నీళ్ళు వెనక్కి తన్ని వీధుల్లోకి తిరిగాయి. పాత ఊళ్ళో మొదటి అంతస్తులు మునిగాయి. దిగువన శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చి పడుతుంటే ఆనకట్ట నిలబడుతుందా లేదా అని రాష్ట్రమంతా టెన్షన్ పడింది. మేం మిద్దె మీద రెండు రాత్రులు గడిపాం.

నీళ్ళ కథ అంతే. రెండు మూడు రోజుల్లో అయిపోయింది. నేను రాయాలనుకున్నది ఆ తర్వాతి ఏడేళ్ళ గురించి.

మాకు రావలసిన బాకీలు రాసిన పుస్తకం నీళ్ళలో కరిగిపోయింది. మేం కట్టవలసిన బాకీలు రాసిన పుస్తకాలు మా అంగట్లో లేవు కదా! ఒకటి ఆదోనిలో నూనె ఇచ్చే షావుకారు దగ్గర, ఒకటి ఊళ్ళోనే మెరక మీద ఇల్లున్న ఫైనాన్స్ ఆయన దగ్గర ఉన్నాయి. రెండూ పొడిగా, భద్రంగా ఉన్నాయి. ఒక్క అంకె చెరగలేదు. వరద ఎవరినీ చూడదు, అందరినీ ఒకేలా ముంచుతుందని అంటారు. నేను నమ్మను. పల్లంలో ఉన్నవాడికి రావలసింది చెరిపి, వాడు ఇవ్వవలసింది మాత్రం చెక్కు చెదరకుండా ఉంచుతుంది వరద.

మళ్ళీ సరుకు నింపాలంటే డబ్బు కావాలి. సర్కారు ఇంటింటికీ బియ్యం, కొంత సాయం ఇచ్చింది. ఆ పూటకు అది అన్నం, కాదనను. అంగడికి మాత్రం ఏమీ రాలేదు. ఇన్సూరెన్స్ అనే మాటే మా వీధిలో ఎవరికీ తెలీదు. ఒక బ్యాంకుకు పోతే బాధితులకు కొత్త లోను ఇస్తామన్నారు. లోనుకు జమానతు అడిగారు. పెట్టడానికి ఉన్నది బురద పట్టిన అంగడి ఒక్కటే. చివరికి నాయన ఆ ఫైనాన్స్ ఆయన దగ్గరికే పోయి మూడు రూపాయల వడ్డీకి ఇంకో లక్షన్నర తెచ్చాడు. నూటికి నెలకు మూడు, అంటే ఏడాదికి 36. అది తీరేసరికి 2016 వచ్చింది. ఈ మధ్యలో మా అక్క పెళ్ళి రెండేళ్ళు వాయిదా పడింది. నేను చేరాలనుకున్న చదువు సంగతి మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. గోడ మీద నీటి గీత సున్నం వేస్తే పోయింది. మా ఇంట్లో వరద ఏడేళ్ళుంది.

2022 ఆగస్టులో పాకిస్తాన్ వరద వార్తలు చూస్తుంటే నాకు ముందు గుర్తొచ్చింది ఆ ఎర్ర పుస్తకమే. ఒక ఫొటోలో సింధ్‌లో ఎవరిదో చిన్న అంగడి. సగం దాకా నీళ్ళు, పై అరలో రెండు డబ్బాలు. వీళ్ళ ఖాతా ఎక్కడుందో అనుకున్నాను.

అప్పుడు మా స్నేహితుడొకడు అడిగాడు, "ఏమప్పా, లోకంలో ఇంకెవరూ లేనట్టు పాకిస్తానోళ్ళ గురించి బాధపడేదేంది నువ్వు?" ఇది చదివేవాళ్ళలో చాలామంది కూడా అదే అడుగుతారని తెలుసు. ఆ దేశపు పాలకులు, సైన్యం మనకు చేసిన వాటి మీద నాకు కోపం తక్కువేమీ లేదు. కానీ దాదు జిల్లాలో కౌలు పొలం దున్నే హారీకి ఆ లెక్కల్లో వాటా లేదు. సింధ్‌లో కౌలుకు, పాలుకు చేసే రైతును హారీ అంటారు. విత్తనం, ఎరువు భూస్వామి దగ్గర అప్పుగా తెచ్చుకుంటాడు, పంట వచ్చాక లెక్క చూసుకుంటారు. లెక్క రాసేది భూస్వామి. ఆ పుస్తకం ఉండేది భూస్వామి ఇంట్లో. పంట నీళ్ళలో పోతే ఆ పుస్తకంలో ఏం రాసి ఉంటుందో సీమలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇంకో మాట. సింధ్ మనలాంటి నేల. ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని చోటు. మన అనంతపురమే దానికన్నా నయం. ఆ ఏడాది మే నెలలో సింధ్‌లోని జకోబాబాద్‌లో ఎండ 51 డిగ్రీలు తాకింది. అదే సింధ్‌లో ఆగస్టులో మామూలుగా పడే దానికి ఏడెనిమిది రెట్ల వాన పడింది. పడిదన్ అనే ఊళ్ళో ఆ ఒక్క నెలలోనే వెయ్యి మిల్లీమీటర్లు దాటింది. ఎండకు అలవాటు పడ్డ నేలకు నీళ్ళు పోయే దారులుండవు. సింధ్ బల్లపరుపు నేల. కాలువ గట్లు, రోడ్లు, రైలు కట్టలు నీటిని అక్కడే ఆపేశాయి. మన ఊరి నీళ్ళు మూడు రోజుల్లో దిగాయి, వాళ్ళ నీళ్ళు కొన్నిచోట్ల నెలల తరబడి నిలిచాయి. రబీ విత్తనం వేసే అదను కూడా దాటిపోయింది. దోమలు, మలేరియా వచ్చాయి. సెప్టెంబరులో మంచర్ సరస్సు కట్ట తెగేలా ఉంటే, సెహ్వాన్ లాంటి పట్టణాలను కాపాడటానికి అధికారులే గండి కొట్టారు. ఆ నీళ్ళు పల్లెల మీదికి పోతాయని తెలిసే కొట్టారు. పట్నాన్ని కాపాడటానికి ఏ పల్లెను ముంచాలో కూర్చుని తేల్చుకోవలసి రావడం ఎంత ఘోరమో ఆలోచించండి.

మొత్తం 3.3 కోట్ల మంది మీద ఆ వరద దెబ్బ పడింది. 1,700 మందికి పైగా చనిపోయారు, అందులో పిల్లలే ఆరొందల మంది దాటారు. 20 లక్షలకు పైగా ఇళ్ళు కూలాయి, దెబ్బతిన్నాయి. ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్య సమితి, పాకిస్తాన్ ప్రభుత్వం కలిసి వేసిన అంచనాలో ఆస్తి నష్టం, ఆర్థిక నష్టం కలిపి 3,000 కోట్ల డాలర్లు. తిరిగి కట్టుకోవడానికి 1,600 కోట్ల డాలర్లకు పైగా కావాలన్నారు.

2022 ఆగస్టు 29న, దేశం నీళ్ళలో ఉండగానే, దేశాలకు అప్పులిచ్చే అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) బోర్డు పాకిస్తాన్‌కు 110 కోట్ల డాలర్ల అప్పు విడత విడుదల చేయడానికి ఒప్పుకుంది. అంతకుముందు నుంచీ నలుగుతున్న అప్పే అది, వరద కోసం ఇచ్చింది కాదు. ఆ మర్నాడు, ఆగస్టు 30న, ఐక్యరాజ్య సమితి వరద బాధితుల కోసం 16 కోట్ల డాలర్లు ఇవ్వండని ప్రపంచాన్ని వేడుకుంది. ఒక రోజు తేడాతో వచ్చిన ఈ రెండు అంకెలు చూసినప్పుడు మా నాయన బ్యాంకు మెట్లు దిగి, నేరుగా ఫైనాన్స్ ఆయన ఇంటి వైపు నడిచిన సాయంత్రం గుర్తొచ్చింది.

2023 జనవరిలో జెనీవాలో దాతల సమావేశం జరిగింది. 900 కోట్ల డాలర్లకు పైగా ఇస్తామని దేశాలు, బ్యాంకులు మాటిచ్చాయి. పేపర్లన్నీ పెద్ద అక్షరాల్లో వేశాయి. ఆ డబ్బులో చాలా పెద్ద భాగం ప్రాజెక్టు రుణాలేనని ఆ దేశపు అప్పటి ఆర్థిక మంత్రి ఇషాక్ దార్ చెప్పారు. అంటే అప్పు. మునిగిన వాడికి అప్పిచ్చి, దాన్ని సాయం అని పేరు పెట్టి, ఫొటో దిగడం! ఆ ఏడాది జూన్ నాటికి పాకిస్తాన్ అప్పులు కట్టలేక చేతులెత్తేసే అంచుకు పోయి, మళ్ళీ ఐఎంఎఫ్ గడప తొక్కి, ఇంకో 300 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వరదలో మునిగిన వాడికి అప్పు ఇవ్వడం సాయం కిందికి రాదు. మునగడానికి కారణంలో మన వాటా కూడా ఉన్నప్పుడు అలా ఇవ్వడం అన్యాయం కిందికి వస్తుంది.

వాటా సంగతికి వద్దాం. ఇలాంటి కుండపోతలను పెంచేది లోకం వేడెక్కడం. లోకం మొత్తం మీద వేడిని పెంచే వాయువుల్లో పాకిస్తాన్ వదిలేది ఒక్క శాతం కన్నా తక్కువ. పరిశ్రమలు మొదలైన నాటి నుంచి ఇప్పటి దాకా లోకంలో పోగుపడిన కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగో వంతు ఒక్క అమెరికాదే. ఐరోపా దేశాల వాటా కూడా పెద్దదే. ఇది కూడా ఒక ఖాతాయే. ఎవరు ఎంత వాడుకున్నారో ఏడాది వారీగా లెక్కలున్నాయి. ఉన్నా, దాన్ని బాకీ అని రాయడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

ఒప్పుకోకపోవడం మర్చిపోవడం వల్ల జరగలేదు, తెలిసే జరిగింది. పసిఫిక్ సముద్రంలోని వనువాటు అనే చిన్న దీవుల దేశం, మునిగిపోతున్న దీవుల కోసం ధనిక దేశాలు ఒక బీమా నిధి పెట్టాలని 1991లోనే అడిగింది. ఆ మాట చెవిన వేసుకున్నవాళ్ళు లేరు. 2015లో వాతావరణ మార్పు మీద దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందంలో, ఆ మార్పు వల్ల జరిగే నష్టం గురించి 8వ అధికరణం పెట్టారు. పెట్టిన చేత్తోనే, ఒప్పందాన్ని ఆమోదించిన తీర్మానం 51వ పేరాలో, ఈ అధికరణం వల్ల ఎవరి మీదా బాధ్యత గానీ పరిహారం గానీ ఏర్పడదని రాసుకున్నారు. ఆ పేరా చదివినప్పుడు నాకు అనిపించింది, మా పుస్తకంలో పద్దులు చెరిపింది నీళ్ళు, ఇక్కడ మనుషులే ముందుగా కూర్చుని చెరిపారు.

2022 నవంబరులో ఈజిప్టులో జరిగిన వాతావరణ సమావేశంలో, ఇలా నష్టపోయిన దేశాల కోసం ఒక నష్ట నిధి పెట్టడానికి చివరికి ఒప్పుకున్నారు. సింధ్ బొమ్మలు అందరి కళ్ళ ముందూ ఉన్నాయి కాబట్టే ఆ మాత్రమైనా కదిలారు. ఆ ఏడాది అభివృద్ధి చెందుతున్న దేశాల తరఫున మాట్లాడింది పాకిస్తానే. మర్నాడే నిధి మొదలైపోతుంది అన్నట్టు పండగ చేసుకున్నారు గానీ, మొదలైంది ఏడాది తర్వాత, 2023లో, దుబాయ్ సమావేశంలో. ఇస్తామని అక్కడ పోగైన మాటలు సుమారు 70 కోట్ల డాలర్లు. అందులో అమెరికా మాట 1.75 కోట్ల డాలర్లు. ఒక్క పాకిస్తాన్‌కు ఒక్క వానాకాలంలో పోయింది 3,000 కోట్లు. 2025 మార్చిలో అమెరికా ఆ నిధి బోర్డు నుంచే తప్పుకుంది.

నాతో వాదించేవాళ్ళు చెప్పేవి కొన్ని నిజాలున్నాయి. అక్కడ అవినీతి ఉంది, నదుల ఒడ్డున, ఏటి గర్భంలో హోటళ్ళు కట్టుకున్నారు, స్వాత్ లోయలో అవి కూలడం మనమంతా వీడియోల్లో చూశాం. కాలువలు పూడ్చారు, కట్టలు పట్టించుకోలేదు. ఔను. హంద్రీలో ఇళ్ళు ఎవరు కట్టారు మరి? శ్రీశైలం గేట్లు ఇంకా ముందు ఎత్తాల్సిందన్న వాదన మన దగ్గర ఇప్పటికీ నడుస్తూనే ఉంది. మా నాయన పల్లంలో అంగడి పెట్టుకోవడం తప్పే అనుకుందాం. పల్లంలోనే బాడుగ తక్కువ. ఆ తప్పుకు మూడు రూపాయల వడ్డీ శిక్షా?

మన దేశం సంగతి కూడా దాచను. ఏటా వదిలే పొగలో చైనా, అమెరికా తర్వాత మూడో స్థానం మనదే. తలసరి లెక్క తీస్తే మనది తక్కువ, ఆ వాదన సరైనదే. కానీ రేపు ఆ ఖాతా తెరిచినప్పుడు మన పేజీ ఖాళీగా ఉండదు. ఆ పేజీ చూపించడానికి ఇప్పటి నుంచే సిద్ధపడాలని నా అభిప్రాయం. 2025 ఆగస్టులో రావి, సట్లెజ్ పొంగినప్పుడు సరిహద్దుకు రెండు వైపులా పంజాబు మునిగింది. సింధు జలాల ఒప్పందం పక్కన పెట్టి ఉన్నా, మన ప్రభుత్వం అటువైపు వరద హెచ్చరికలు పంపింది. అది నాకు నచ్చింది. ఆ పని ఒప్పందం ఉన్నా లేకున్నా చెయ్యాల్సిందే.

ఇంకోలా చెయ్యొచ్చా అంటే, చెయ్యొచ్చు. సింధ్‌లోనే చేశారు. కూలిన ఇంటికి 3 లక్షల పాకిస్తానీ రూపాయలు, తిరిగి కట్టనక్కర్లేని డబ్బు, 20 లక్షలకు పైగా ఇళ్ళకు ఇవ్వాలని పథకం పెట్టారు. ఇంటి వరకు అది అప్పు కాదు. కానీ ఆ పథకానికి మొదట పడ్డ పెద్ద డబ్బు ప్రపంచ బ్యాంకు రుణం. హారీ గడప దగ్గర ఆగిన అప్పు దేశం గడప దగ్గర ఆగలేదు.

కరీబియన్‌లో గ్రెనడా అని చిన్న దేశం ఉంది. 2004లో ఒక తుపాను దాన్ని తుడిచిపెట్టింది. తర్వాత అప్పుల పత్రాలు మళ్ళీ రాసుకునేటప్పుడు, పెద్ద తుపాను వస్తే వాయిదాలు కొంతకాలం ఆగాలి అని ఒక షరతు రాయించుకుంది. 2024 జులైలో బెరిల్ తుపాను కొట్టింది. ఆ షరతు పనిచేసింది. ఎవరినీ బతిమాలకుండానే వాయిదాలు ఆగాయి. అలాంటి షరతు పేద దేశాల ప్రతి అప్పు పత్రంలోనూ ఎందుకు ఉండకూడదు? మన ఊళ్ళలో రైతు లోన్లకు, చిన్న అంగళ్ళ లోన్లకు ఎందుకు ఉండకూడదు?

ఆదోని నూనె షావుకారు ఇవేవీ చదివినవాడు కాదు. వరద తర్వాత పది రోజులకు బస్సులో వచ్చాడు. అంగడి బయటే చెప్పులు విడిచి బురదలోకి దిగి, అంతా చూసి, నాయనతో అన్నాడు. "ఉగాది దాకా నా లెక్క ఎత్తొద్దన్నా. వడ్డీ రాయను. అంగడి తెరువు ముందు." ఉగాది దాకా ఆయన ఎత్తలేదు. ఆయన బాకీ అందరికన్నా ముందు తీర్చాడు నాయన. ఫైనాన్స్ ఆయనకు ఏడేళ్ళు కట్టినా, ఇప్పటికీ మా ఇంట్లో ఆయన పేరెత్తరు.

2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం ఒక అభిప్రాయం చెప్పింది. వాతావరణాన్ని కాపాడే బాధ్యత దేశాలకు చట్టపరంగానే ఉందని, దాన్ని మీరితే నష్టపోయిన వాళ్ళకు పరిహారం ఇవ్వవలసి రావచ్చని. ఆ ప్రశ్నను కోర్టు దాకా నడిపించింది మళ్ళీ ఆ వనువాటే, 1991లో అడిగిన వనువాటే. ఆ అభిప్రాయానికి తీర్పులా కట్టిపడేసే బలం లేదు. అయినా బాకీ అన్న మాట అంత పెద్ద చోట నమోదైంది. ఆ రాత్రి నాయనకు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు విని, "రాసినారంటావా?" అన్నాడు. రాశారు నాయనా అన్నాను.

ఉద్దర ఖాతా పోయిన తర్వాత నాయన ఎవరి ఇంటికీ పోయి అడగలేదు. పోయినా ఎంతని అడుగుతాడు? దీపావళి దాటాక జోహరాపురం నుంచి ఒకామె వచ్చింది. ఇళ్ళలో పని చేసుకునే మనిషి, ఆమె ఇల్లు కూడా మునిగింది. కొంగు ముడి విప్పి నూట ఎనభై రూపాయలు గల్లా మీద పెట్టింది. నాయన, "నా దగ్గర పుస్తకం లేదమ్మా, ఎంతో నాకు గుర్తు లేదు" అన్నాడు. "నాకు గుర్తుంది లేన్నా" అందామె.

ఆ తర్వాత ఇంకొందరు వచ్చారు, అందరూ రాలేదు. వచ్చిన వాళ్ళ పేర్లు నాయన కొత్త పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాడు. ఈసారి బాల్‌పెన్‌తో.